ఆకుపచ్చ జిల్లా

ములోంగేలో రెండువందల పన్నెండు మంది పొద్దున్నే పీకలు ఊదితే, రెండువందల పన్నెండూ ఆకుపచ్చగానే వెలిగాయి.

ఇందుజ స్క్రీన్ తుడిచింది. దుమ్ము వల్ల రంగు మారదని తనకీ తెలుసు, అయినా చున్నీ కొసతో గట్టిగా తుడిచి మళ్లీ చూసింది. ఆకుపచ్చే. అంటే అక్కడ అందరికీ కడుపు నిండింది. కసాంబియా దేశంలో మూడేళ్లుగా వాన చుక్క లేని జిల్లా అది. పశువులన్నీ చచ్చిపోయాయి, జనం గడ్డి దుంపలు తవ్వుకుని ఉడకేసుకుంటున్నారు. తార్నాకలో తమ ల్యాబ్ క్యాంటీన్లో బిర్యానీ తిని బయటికొచ్చినవాళ్లు ఊదితే ఏ రంగు వస్తుందో, అక్కడా సరిగ్గా అదే రంగు వచ్చింది.

"ఫర్హానా, ఒకసారి ఇటు రా."

పక్క టేబుల్ దగ్గర సాఫ్ట్‌వేర్ చూసే ఫర్హానా కుర్చీతో సహా జారుకుంటూ వచ్చింది. స్క్రీన్ మీద మనిషికొకటిగా వెలిగే చుక్కల వంక చూసింది, ఇందుజ వంక చూసింది.

"ఉల్టా పెట్టినవా ఏంది రంగులు?"

"ఉల్టా పెడితే మన క్యాంటీన్ ఎర్రగ రావాలె కదనే."

"మన క్యాంటీన్ ఎర్రగ వచ్చినా నేనైతే నమ్ముత యార్. పప్పు చూసినవా ఇయ్యాల?"

నవ్వు రాలేదు ఇద్దరికీ.

పీక అంటే నిజంగా పీక కాదు. ఢిల్లీవాళ్లు దానికి 'క్షుధా సూచిక' అని పేరు పెట్టారు, ల్యాబ్‌లో మాత్రం ఆ పేరుతో పిలిచినవాళ్లు ఒక్కరూ లేరు. జాతరలో అమ్మే పీకలాగా బొటనవేలంత ఉంటుంది, అందులోకి ఊదితే ఊపిరిలోని వందల వాసనల్ని పసిగట్టి మనిషికి ఆకలిగా ఉంటే ఎరుపు, లేకపోతే ఆకుపచ్చ చూపిస్తుంది. అడగక్కర్లేదు, అధికారులు లిస్టులు రాయక్కర్లేదు. ప్రపంచంలో ఏ మూలన ఊదినా ఆ చుక్క తార్నాకలో ఇందుజ స్క్రీన్ మీద వెలుగుతుంది.

ఆ చుక్కల కోసమే పార్లమెంటు ఎదురు చూస్తోంది. దేశ ఆదాయంలో కొంత వాటా ప్రతి ఏడూ ప్రపంచంలోకెల్లా పేదవాళ్లకి పంపాలనే విదేశీ సహాయ బిల్లు అప్పటికే రెండుసార్లు వీగిపోయింది. ఎవరు పేదవాళ్లో ఎవరు చెప్తారు, అక్కడి మంత్రుల బావమరుదులా అని ఎవరో అడిగారు, ఇంకెవరూ జవాబు చెప్పలేకపోయారు. అప్పుడు ల్యాబ్ డైరెక్టర్ వరహాలరావు పీక పట్టుకుని కమిటీ ముందుకి వెళ్లి, "మా యంత్రానికి బావమరుదులు లేరండి" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వులోంచే నాలుగో సెక్షన్ పుట్టింది. ఓటింగ్ ముందు కమిటీ కూర్చునే రోజున ఏ జిల్లాలో పీకలు ఎర్రగా వెలుగుతాయో ఆ జిల్లాకే ధాన్యం.

కమిటీ శుక్రవారం కూర్చుంటుంది. ఇవాళ సోమవారం. మధ్యాహ్నానికి కసాంబియాలో మిగతా పదకొండు కరువు జిల్లాల చుక్కలు కూడా వచ్చేశాయి, అన్నీ పచ్చిక బయలులాగా పచ్చగా.

"ఏటమ్మా ఇది?" అన్నాడు వరహాలరావు. ఆయనది విజయనగరం. కంగారు పడితే చదువంతా పక్కకి జరిగి ఊరి మాట బయటికొచ్చేస్తుంది. "ఆళ్లు అన్నం తింతన్నారా, మనం గడ్డి తింతన్నామా?"

"సాఫ్ట్‌వేర్ల ఏదో బగ్ ఉన్నట్టుంది సార్. కొత్త లోడ్ పంపిస్తం," అంది ఫర్హానా.

లోడ్ అంటే పీక లోపల నడిచే ప్రోగ్రాం. ఫర్హానా దాన్ని ఎప్పుడూ లోడ్ అనే అంటుంది, వినీ వినీ ఇందుజకీ అదే అలవాటైంది.

ములోంగేలో మనిషికొకటి చొప్పున పీకలు పంచింది, రోజూ పొద్దున ఊదించేది తబితా. ఆ జిల్లాకంతా ఒకే ఒక్క ఆరోగ్య కార్యకర్త ఆవిడ, యాభై దాటిన మనిషి. ఆవిడ భాష ఇందుజకి రాదు, ఇందుజ భాష ఆవిడకి రాదు, ఇద్దరి మధ్యా ఫోన్లోని అనువాదం యాప్ నిలబడి మాట్లాడుతుంది. ఆ యాప్‌కి తెలుగు ఎవరు నేర్పారో గానీ వందేళ్ల కిందటి పంతులుగారిలాగా మాట్లాడుతుంది.

"అక్కా, మీ దగ్గర పీకలు తప్పు చూపిస్తున్నయి," అంది ఇందుజ. "మేము కొత్త లోడ్ పంపిస్తున్నం. రేపు పొద్దుగాల వరకు వచ్చేస్తది."

తెర మీద తబితా ఫోన్‌ని మొహానికి దగ్గరగా తెచ్చుకుంది.

"లోడు వచ్చునా?" అంది యాప్ ఆవిడ తరఫున. "నిశ్చయముగానా?"

"పక్కా వస్తది."

"అందరికిని తెలుపవచ్చునా?"

"చెప్పండక్కా. రేపు పొద్దున అందరూ రావాలె, ఒక్కరు కూడ మిస్ కావద్దు."

తబితా మెడలోని గుడ్డతో మొహం తుడుచుకుంది. అక్కడ దుమ్ము బాగా లేస్తున్నట్టుంది అనుకుంది ఇందుజ.

మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకి ములోంగే ఎర్రబడింది. ఒకటీ రెండూ కాదు, రెండువందల పన్నెండూ, పండు మిరపకాయలు ఆరబోసినట్టు. మిగతా పదకొండు జిల్లాలు ఇంకా పచ్చగానే ఉన్నాయి, కానీ ఒక్కటి మారిందంటే లోడ్ పనిచేసినట్టే కదా అని వరహాలరావు మైసూర్‌పాక్ తెప్పించి ల్యాబంతా తన చేత్తో పంచాడు, ఢిల్లీకి ఫోన్ చేసి తప్పు దొరికింది, దిద్దేశాం అని చెప్పాడు. ఇందుజ నోట్లో మైసూర్‌పాక్ ఉండగానే ఫర్హానా వచ్చి చెవిలో చెప్పింది.

"ఇందూ, లోడ్ పోలే."

"ఏంది?"

"రాత్రంత సర్వర్ డౌన్ ఉండె. ఏ జిల్లాకీ పోలే. ములోంగే పీకల్ల ఇప్పటికీ పాత లోడే ఉంది."

నోట్లో ముక్కని మింగాలో ఉమ్మాలో తెలియలేదు ఇందుజకి. అదే పీక, అదే ప్రోగ్రాం, అవే మనుషులు. నిన్న నిండిన కడుపులు ఇవాళ ఎలా ఖాళీ అయ్యాయి? లేదా నిన్న ఖాళీగా ఉన్నవి...? ఆలోచన సగంలో తెగిపోతోంది. తబితాకి ఫోన్ చేసింది.

తబితా ఫోన్ తిప్పి చూపించింది. ఎర్రమట్టి రోడ్డు. రోడ్డుకి రెండు పక్కలా జనం, ముందు బకెట్లు, బేసిన్లు, గోనె సంచులు, కుట్లు వేసిన దుప్పట్లు. అందరూ రోడ్డు మలుపు వైపే చూస్తున్నారు.

"లోడు ఎంత దూరములో ఉన్నది?" అంది యాప్.

ఇందుజకి ఒక్క క్షణం అర్థం కాలేదు, మరుక్షణం అర్థమైంది. సిగ్నల్ సరిగా లేదక్కా అని గొణిగి ఫోన్ పెట్టేసింది. పిరికిపని అని తెలుసు.

ఆ సాయంత్రం ఇంట్లో తల్లి అనసూయమ్మ పళ్లెం ముందు పెడితే అన్నం కెలుకుతూ కూర్చుంది. అనసూయమ్మకి పీక కొత్త కాదు, నిజానికి పీకకి ఆకలి నేర్పినవాళ్లలో మొదటి మనిషి ఆవిడే. మనుషుల్ని పస్తులు పెట్టి ప్రయోగాలు చేయకూడదని రూలు. మరి ఆకలి ఊపిరి ఎక్కడ దొరుకుతుంది? ఇందుజకే ఐడియా వచ్చింది. అమ్మ ప్రతి శనివారం ఒక్కపొద్దు ఉంటుంది, పగలంతా మంచినీళ్లే, చీకటి పడ్డాక ఒక్కపూట భోజనం. కాలనీలో అలాంటివాళ్లు నలభై మంది. ఫర్హానా రంజాన్ నెలలో వాళ్ల ఖాలాల, అంటే పెద్దమ్మల పిన్నమ్మల, ఇళ్లన్నీ తిరిగి రోజా ఉన్నవాళ్ల చేత ఊదించుకొచ్చింది. కడుపు నిండినవాళ్ల కోసం హాస్టల్ పిల్లల్ని పట్టుకొచ్చారు, వాళ్లలో సగం మంది బరువు తగ్గాలని అన్నం మానేసి నెయ్యీ మాంసం తినే కీటో డైట్ మీద ఉన్నారు. ఈ ఊపిరి ఆకలి, ఈ ఊపిరి కాదు అని యంత్రానికి రెండు కుప్పలు పోసి ఇచ్చారు. తేడా ఏంటో అదే వెతుక్కుంది.

"అమ్మా, ఒక్కపొద్దు నాడు నీకు ఎప్పుడు ఆకలైతది?"

"గదేం ప్రశ్ననే. మీ మెషిన్ చెప్పలేదా?"

"నువ్వు చెప్పు."

"పొద్దంత పనిల ఉంట, యాదికే ఉండది," అంది అనసూయమ్మ పెరుగు వడ్డిస్తూ. "కానీ దినమంత మనసుల ఒకటుంటది సూడు, మాపటికి అన్నం ఉన్నదని. ఇంగ మూడు గంటలు, ఇంగ రెండు గంటలు అనుకుంట. నోట్లె నీళ్లూరుతనే ఉంటయి. ఆ నీళ్లు మింగుడే ఒక్కపొద్దంటే."

"మాపటికి అన్నం లేదని తెలిస్తే?"

అనసూయమ్మ గరిటె గిన్నెలో పెట్టేసింది. ఆవిడది మహబూబ్‌నగర్ పక్క పల్లె.

"నాకు ఏడేండ్లున్నప్పుడు ఒక ఏడు గట్లనే అయింది. మా అవ్వ పొయ్యి అలుకుడే బంద్ జేసింది. మొదలు నాలుగు దినాలు ఏడ్సినం. అటెంక ఆకలే కాలే బిడ్డా. ఎందుకైతది? పెట్టేటోళ్లు ఉన్నరంటేనే కడుపు అడుగుతది. లేరని తెలిస్తే అది గూడ సప్పుడు జేయకుంట పంటది."

ఇందుజ చెయ్యి కడుక్కోకుండానే ఫర్హానాకి ఫోన్ చేసింది, ఎంగిలి వేళ్లతో.

బుధవారం పొద్దున వరహాలరావు గదిలో ఇందుజ చెప్తున్నంతసేపూ ఆయన కళ్లజోడు తీసి పెట్టుకుంటూనే ఉన్నాడు.

"మన యంత్రం పట్టేది ఆకలి కాద్సార్. కొద్దిసేపట్ల అన్నం వస్తదని శరీరం తయారైతది చూడండి, ఆ వాసన. కీటో పిల్లల ఊపిరి పస్తున్నోళ్ల లెక్కనే ఉంటది కాబట్టి అసలు ఆకలి వాసనని మెషిన్ పట్టించుకోవడం మానేసింది. మనం చూపిచ్చిన ఆకలంతా మాపటికి భోజనం ఉన్నోళ్ల ఆకలి. లేనోళ్ల ఆకలి దానికి మనం చూపియ్యనే లేదు."

"మరి ములోంగే ఎర్రగా ఎలా వచ్చింది?"

"నేను లోడ్ వస్తదని చెప్పిన. వాళ్లు ధాన్యం లోడ్ అనుకున్నరు."

ఆయన లేచి గది తలుపు మూశాడు. తనకి తిట్లు పడతాయనుకుంది ఇందుజ, పడలేదు.

"ఇప్పుడు ములోంగేలో ఎన్ని ఎరుపు?"

"నిన్న రెండువందల పన్నెండు. ఇయ్యాల నూట యాభై."

"శుక్రవారానికి?"

"ఒక్కటి కూడ ఉండదు. ఎదురు చూసి చూసి వదిలేస్తరు."

"ఫోన్ చెయ్యి," అన్నాడు వరహాలరావు, గొంతు తగ్గించి. "దారిలో ఉంది, శుక్రవారం వస్తాదని చెప్పు. కమిటీ ఎరుపు చూస్తాది, ములోంగే లిస్టులోకి వస్తాది, వెంటనే ఓటింగ్ అయిపోతాది, ఓడ రేవులో రెడీగా ఉంది, నాలుగు రోజుల్లో నిజంగానే ధాన్యం దిగుతాది. అబద్ధం ఎక్కడుందమ్మా అందులో? కాస్త ముందుగా చెప్తున్నావంతే."

"మిగతా పదకొండు జిల్లాలు సార్?"

"ఆటికీ చెప్పు."

"వాళ్లకి ఎవరిమీద నమ్మకం ఉందని? తబితక్క చెప్తే ములోంగే నమ్మింది. మిగతా చోట్ల పీకలు డ్రైవర్లు పంచిన్రు. మొన్న ఒక డ్రైవర్ ధాన్యం వస్తదని అంటే నవ్విన్రంట. ఒక్క ములోంగే ఎర్రగ ఉండి బిల్లు పాసైతే, పచ్చగున్న జిల్లాలకి అన్నం అక్కర్లేదని చట్టమే రాసిచ్చినట్టైతది. తర్వాత ఎవరు మారుస్తరు?"

"కమిటీకి నిజం చెప్పీసి చూడు. నాలుగో సెక్షన్ పోతే బిల్లే ఆగిపోవచ్చు. ఆగకపోయినా కొత్తగా రాయాలి, న్యాయశాఖ చూడాలి, రెండు సభలూ తిరగాలి. నీ నిజానికి ఎన్ని రోజులు పడతాదో ఎవరికి తెలుసు? ఆ రోజులన్నీ ములోంగే మీద పడతాయి. అది కూడా ఆలోచించుకో."

ఆలోచించుకుంది. మెట్ల మీద కూర్చుని ఆలోచించింది, క్యాంటీన్లో టీ చల్లారబెట్టుకుని ఆలోచించింది. ఒకసారి పదకొండు జిల్లాలు బరువనిపించాయి, ఇంకోసారి బేసిన్ ముందు కూర్చున్న మనుషులు బరువనిపించారు. ఫర్హానాని అడిగితే, "నన్ను అడగకు యార్, నేను పొద్దుటి నుంచి మూడుసార్లు మనసు మార్చుకున్న," అంది. సాయంత్రం నాలుగింటికి ఇందుజ ఫోన్ తీసింది. నంబర్ నొక్కేటప్పటికి కూడా ఏం చెప్తుందో తనకే తెలియదు. తబితా మొహం తెర మీదికి వచ్చాక నోరు దానంతటదే తెరుచుకుంది.

"అక్కా, ధాన్యం వస్తలేదు. నేను లోడ్ అన్నది ధాన్యం కాదు. సాఫ్ట్‌వేర్."

యాప్ ఒక్క క్షణం తడుముకుని అటువైపు ఏదో చెప్పింది. తబితా నుదురు ముడిచింది.

"మృదువైన సామగ్రియా? అది తినుటకా?"

"కాదక్కా. పీక లోపల ఉంటది. తినేది కాదు."

తబితా తిట్టలేదు. ఫోన్‌ని రోడ్డు వైపు తిప్పింది.

"నేను చెప్పజాలను. నీవే చెప్పుము."

రోడ్డు పక్కన ఇంకా చాలామంది ఉన్నారు. ముందు వరుసలో ఒక ముసలాయన బేసిన్‌ని గొడుగులా తలమీద పెట్టుకుని కూర్చున్నాడు. ఇందుజ చెప్పింది. తప్పు నాది, మాట తప్పుగా వాడాను, బండి రావట్లేదు అని మూడు ముక్కలు. యాప్ పంతులుగారి గొంతుతో దాన్ని వాళ్ల భాషలోకి మార్చి వినిపించింది. ముసలాయన తలమీది బేసిన్ దించి, అందులో ఏమైనా ఉందేమోనన్నట్టు ఒకసారి చూసి, లేచి వెళ్లిపోయాడు.

గురువారం ములోంగే మళ్లీ పచ్చబడింది. వరహాలరావు ఇందుజతో మాట్లాడలేదు, కానీ ఢిల్లీకి రెండు టికెట్లు తీశాడు.

శుక్రవారం కమిటీ గదిలో చలి. అధ్యక్షురాలు సునేత్ర దేశ్‌ముఖ్ నెరిసిన జుట్టు మనిషి, ముందు కాగితాలన్నీ పక్కకి నెట్టి వింది. సోమవారం, మంగళవారం, గురువారం, మూడు పటాలు పక్కపక్కన వేసి చూపించింది ఇందుజ. అమ్మ గురించి చెప్పింది, ఒక్కపొద్దు గురించి చెప్పింది, తను వాడిన మాట గురించి చెప్పింది. ఒక సభ్యుడు కుర్చీలో ముందుకి వంగాడు.

"ఎరుపంటే అన్నం వస్తుందని నమ్మినవాడు. సరే. మరి ఆకుపచ్చంటే ఏంటమ్మా?"

"కడుపు నిండినోళ్లయినా కావచ్చు సార్, ఇంక ఎవరూ పెట్టరని తెలిసిపోయినోళ్లయినా కావచ్చు. మా మెషిన్‌కి ఆ తేడా తెల్వదు."

"మీరే చేశారు కదా దాన్ని. మీకూ తెలియదా?"

"అక్కడున్న మనిషికి తెలుస్తది సార్. చూస్తే తెలుస్తది."

గదిలో గుసగుసలు మొదలయ్యాయి. బిల్లు మొత్తం వెనక్కి పంపాలన్నారు కొందరు. మొదటినుంచీ ఇది వద్దన్నవాళ్ల మొహాల్లో వెలుగొచ్చింది. సునేత్ర దేశ్‌ముఖ్ వాళ్లందర్నీ మాట్లాడనిచ్చింది, రెండు గంటల పాటు, చివరికి పెన్ను తీసుకుని నాలుగో సెక్షన్ మీద అడ్డంగా గీత గీసి, పక్కన తన చేత్తో రాసింది. యంత్రం బదులు ఆ జిల్లాలో పనిచేసే ఆరోగ్య కార్యకర్త మాట చాలు. ఎనిమిది చేతులు లేచాయి, ఏడు లేవలేదు.

తర్వాత ఏం జరిగిందో ఇందుజ ప్రతి రోజూ టీవీలో చూసింది. న్యాయశాఖ అభ్యంతరం చెప్పింది, వెనక్కి తీసుకుంది. ఒక సభలో రెండు రోజులు గొడవ జరిగి అసలు చర్చే జరగలేదు. ఇంకో సభలో చర్చ బాగా జరిగింది, పేదరికం గురించి అందరూ చక్కగా మాట్లాడారు. పొద్దున లేచి ఒక చేత్తో పళ్లు తోముకుంటూ ఇంకో చేత్తో ఫోన్లో ములోంగే తెరిచేది. పచ్చ. ఆ రంగు చీర కట్టుకున్న మనిషి బస్సులో పక్కన కూర్చుంటే లేచి నిలబడింది ఒకరోజు. చేసింది మంచో చెడో ఎవరైనా చెప్తే బాగుండుననిపించేది, ఎవర్నీ అడిగేది కాదు.

కమిటీ కూర్చున్న పద్దెనిమిదో రోజున బిల్లు చట్టమైంది. ఓడ పక్క దేశపు రేవులో అప్పటికే సిద్ధంగా ఉంది. పన్నెండు జిల్లాల ఆరోగ్య కార్యకర్తలూ ఆకలి ఉందని రాసి పంపారు, పన్నెండిటికీ లారీలు బయల్దేరాయి. "పన్నెండూ," అన్నాడు వరహాలరావు ఆమె టేబుల్ దగ్గర ఆగి, ఇన్నాళ్ల తర్వాత మొదటిసారి. ఇంకేదో అనబోయి, చెయ్యి ఆమె తలమీద పెట్టబోయి, రెండూ మానేసి వెళ్లిపోయాడు.

ఇందుజ తబితాకి ఫోన్ చేసింది. ఈసారి లోడ్ అనలేదు. మొక్కజొన్న, బీన్స్, నూనె, లారీలో, అని విడివిడిగా చెప్పింది, ఒక్కో మాటా యాప్ దాటేదాకా ఆగి.

"మంచిది," అంది యాప్. "కాని నేను వారికి తెలుపను. ముందు బండి రానిమ్ము."

"ఎందుకక్కా? తెలిస్తే సంతోషపడ్తరు కదా."

"తెలిసినచో ఆకలి అగును," అంది యాప్.

పందొమ్మిదో రోజు పొద్దున ఇందుజ, ఫర్హానా స్క్రీన్ ముందు కూర్చున్నారు. ఆ పూట అందరి చేతా మాటిమాటికీ ఊదిస్తానని తబితా మాటిచ్చింది. వెనకాల వరహాలరావు నిలబడ్డాడు, కూర్చోమంటే కూర్చోలేదు. చుక్కలు పచ్చగా ఉన్నాయి. పదింటికీ పచ్చగానే ఉన్నాయి. పదీ ఇరవైకి ఒకటి ఎర్రబడింది. రోడ్డుకి అందరికంటే దగ్గరున్న మనిషై ఉంటుంది, బండి చప్పుడు మొదట ఆ మనిషికే వినిపించి ఉంటుంది. దాని పక్కన రెండు. తర్వాత లెక్కపెట్టడం కుదరలేదు, నిప్పు పాకినట్టు పాకింది. ఫర్హానా ఇందుజ భుజం మీద తల పెట్టి ఏడుస్తోంది, నవ్వుతోంది, ఏదో ఒకటి చేస్తోంది.

అంతా అయ్యాక ఇందుజ కింద అంకె చూసింది. రెండువందల తొమ్మిది ఎరుపు, సున్నా ఆకుపచ్చ.

"మూడు తక్కువున్నయి," అంది.

"లైన్ల వెనక ఉండి ఉంటరు. ఊదుతరు లే," అంది ఫర్హానా.

పావుగంట చూశారు. అరగంట చూశారు. ఆ మూడు చుక్కలూ ఏ రంగూ లేకుండా తెల్లగా ఉన్నాయి. తెరిచి చూస్తే ఒకటి నాలుగు రోజుల కిందట చివరిసారి ఊదినట్టుంది, ఇంకొకటి తొమ్మిది రోజుల కిందట, మూడోది పదకొండు. తను రోజూ రంగే చూసింది, అంకె ఎప్పుడూ చూడలేదు. ఇందుజ ఫోన్ అందుకుంది. తెర మీద తబితా, వెనకాల లారీ, బస్తాలు దింపుతున్న మనుషులు, ఇన్నాళ్లలో మొదటిసారి గోలగోలగా గొంతులు.

"అక్కా, మూడు పీకలు వస్తలేవు. బ్యాటరీ అయిపోయినట్టుంది. ఒకసారి చూస్తరా?"

తబితా భుజానికున్న సంచి మీద చెయ్యి వేసింది.

"అవి నా సంచిలో ఉన్నవి," అంది యాప్. "పాడుకాలేదు. కడిగి తుడిచి పెట్టితిని. మీకు తిరిగి పంపవలెనా?"